కోటేశ్వరి ఇంట్లో ఇంకో మనిషి

కోటేశ్వరి చెప్పిన ఒక్క మాట దగ్గర ప్రసూనకి చిక్కొచ్చిపడింది. అంతవరకూ అన్నీ సాఫీగానే నడిచాయి.

మా ఆసుపత్రి పల్నాడులో, సున్నపు బట్టీలున్న ఊరి చివర ఉంటుంది. సిస్టర్లు నడుపుతారు. మనసు ఒకచోట నిలవని వాళ్ళని చూడ్డానికి అక్కడ విడిగా ఒక గది ఉంది. ఇప్పుడు దానికి ఏడీహెచ్‌డీ అని పేరొచ్చి తలుపు మీద బోర్డు కూడా పెట్టారు గానీ, ఆ పేరు మేమెవరం వినకముందు నుంచీ శౌరమ్మ మదర్ ఆ గదిలో కూర్చుని అలాంటి వాళ్ళని చూస్తూనే ఉంది. గుంటూరు నుంచి డాక్టరు గారు వారానికోసారి వస్తారు. తక్కిన రోజులన్నీ నర్సులవే. నర్సు ఏం గమనించి చెప్పిందో దాన్ని బట్టే ఆయన చాలావరకు ముందుకెళతారు. కాబట్టి మా దగ్గర నర్సు మాటంటే ఆషామాషీ కాదు.

ప్రసూన నర్స్ ప్రాక్టీషనర్ చదువు ముగించుకుని మదర్ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చింది. చురుకైన పిల్ల. ఒక్క ప్రశ్న వదిలేది కాదు. ఎదుటి మనిషి చెబుతూ చెబుతూ ఇంకెక్కడికో వెళ్ళిపోతే, విసుక్కోకుండా మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గరికి తెచ్చేది. తను మాత్రం ఏదీ మర్చిపోయేది కాదు. ఆ సంగతి తనకి బాగా తెలుసు, అదే గొడవ. నేను పక్కనే మందుల గదిలో ఉండేదాన్ని. మర్చిపోయే వాళ్ళతో ఆమె మాట్లాడుతుంటే గొంతులో ఎంత దయున్నా, పైమెట్టు మీద నిలబడి మాట్లాడుతున్నట్టే వినపడేది నాకు. మదర్‌కీ వినపడే ఉంటుంది. ఏమీ అనేది కాదు.

కోటేశ్వరికి పాతికేళ్ళు ఉండవు. మొగుడు ఏడుకొండలు సున్నం లారీ తోలతాడు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే. పాకే వయసు ఆడపిల్ల ఒకతి. చిన్నప్పుడు ఎన్ని పలకలు పోగొట్టుకుందో, పొయ్యి మీద ఎసరు పెట్టి ఎన్నిసార్లు ఆటలో పడిపోయిందో కోటేశ్వరి నవ్వుతూనే చెప్పింది. ప్రసూన అన్నీ విని, ఇది ఏడీహెచ్‌డీయే అని రెండో రోజుకే తేల్చింది. మదర్ కూడా సరేనంది.

అసలు ఆమెని ఆసుపత్రికి తెచ్చింది వేరే సంగతి. ఎండాకాలంలో ఒకరోజు చంటిదాన్ని పెరట్లో నీడన చాప మీద పడుకోబెట్టింది. నీడ జరిగిపోయింది. పిల్ల ఎండలో మిగిలింది. ఏడుపు విని పక్కింటి వాళ్ళు ఎత్తుకునేసరికి ఒళ్ళంతా కందిపోయి బొబ్బలెక్కింది. అత్త రాములమ్మ తన ఊరి నుంచి వచ్చి పిల్లని తీసుకుపోయింది. కోడలి బుర్ర సరిగ్గానే ఉందని ఆసుపత్రి వాళ్ళు చెబితే తెచ్చి అప్పగిస్తాననీ, లేదంటే పిల్ల ఇక తన దగ్గరే పెరుగుతుందనీ చెప్పింది. రాములమ్మ చెడ్డదని నేననను. బొబ్బలెక్కిన పసిదాన్ని చేతుల్లోకి తీసుకున్న మనిషి ఇంకెలా మాట్లాడుతుంది?

ఇక ఆ మాట. అత్త వచ్చి జవాబు వినాల్సిన రోజుకి ముందు రోజు, ప్రసూన చివరిసారిగా కోటేశ్వరిని కూర్చోబెట్టి, ఆ రోజు పిల్లని పెరట్లో పెట్టాక ఏం పనిలో పడ్డావని అడిగింది. కోటేశ్వరి తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"పిల్లని పెరట్లో పెట్టింది నేను కాదు సిస్టర్ గారూ. నేను లోపల మంచం మీదే పడుకోబెట్టాను. మా ఇంట్లో ఇంకో మనిషి ఉంది."

ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదట. ఎక్కడికెళ్ళినా అప్పుడే అక్కడి నుంచి లేచి వెళ్ళినట్టుంటుందట. కూర తరుగుదామని వెళితే సగం తరిగి ఉంటుంది. ఊడుద్దామని చూస్తే సగం ఊడ్చి ఉంటుంది. ఒకసారి స్టవ్ దానంతట అదే వెలుగుతోంది, గిన్నె కూడా లేదు. మొగుడితో చెబితే నవ్వాడట. అందుకని ఇంకెవరికీ చెప్పలేదు. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు వీపు గోడకి ఆనించి కూర్చుంటుందట. ఇంతవరకూ వచ్చాక కోటేశ్వరి ఏడ్చింది.

ప్రసూన నా గదిలోకి వచ్చి మంచినీళ్ళు తాగింది. మొహం పాలిపోయింది. తర్వాత మదర్ దగ్గరికి వెళ్ళి, తను పొరపడ్డాననీ, ఇది ఉత్త ఏడీహెచ్‌డీ కాదనీ, మనసే అదుపు తప్పుతోందనీ చెప్పింది. పెద్ద ఆసుపత్రికి పంపాలి, పిల్లని దగ్గరికి రానివ్వకూడదు, రేపు డాక్టరు గారితో ఇదే చెబుతాను అంది. అంటే కోటేశ్వరికి పిల్ల దక్కదన్నమాట. అది తెలిసే చెప్పింది. అలా చెప్పడం ఆమెకేం సంతోషంగా లేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

మదర్ కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నది.

"ఇల్లు చూశావా?" అంది.

ఇల్లు చూసేదేముంది, లేని మనిషి ఉందంటోంది కదా అంది ప్రసూన.

"అయితే రేపు మధ్యాహ్నం వెళ్ళి ఆ లేని మనిషిని చూసొద్దాం," అంది మదర్.

మర్నాడు కోటేశ్వరిని ఆసుపత్రి వరండాలో కూర్చోమని చెప్పి, ఆమె దగ్గర తాళం చెవి తీసుకుని ఇద్దరూ ఆటోలో వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం. బట్టీల్లో పనివాళ్ళు అన్నాలకి వెళ్ళారేమో, ఎక్కడా చప్పుడు లేదు. ఆ వీధిలో గోడలూ కరెంటు తీగలూ చెట్ల ఆకులూ అన్నీ సున్నపు దుమ్ము పట్టి తెల్లగా ఉంటాయి. ఎండకి కళ్ళు మూసుకుపోతాయి. వీధిలో నరమానవుడు లేడు.

తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే ప్రసూన ఆగిపోయింది.

ముందుగది నల్లటి కడప బండలు. సగం గది ఊడ్చి నల్లగా ఉంది, సగం దుమ్ముతో తెల్లగా ఉంది, ఆ రెంటి మధ్యన చీపురు పడి ఉంది. మంచం మీద ఒక చీర సగం మడత పెట్టి, తక్కిన సగం నేలకి జారి ఉంది. గూట్లో ప్రమిద. వత్తి వేసి ఉంది, నూనె సీసా మూత తీసి పక్కనే ఉంది, నూనె పొయ్యలేదు. కిటికీ దగ్గర గ్లాసుతో నీళ్ళు, గడప పక్కన ఇంకో గ్లాసు, టీవీ మీద ఇంకోటి. అన్నింట్లోనూ ఒక్క గుక్కే తగ్గింది. వంటింట్లో బెండకాయలు తరిగి వాడిపోయాయి. కత్తి ఇంకా చివరి కాయలోనే దిగి ఉంది. బియ్యం డబ్బా మూత తీస్తే లోపల దువ్వెన.

మురికిల్లు అయితే ప్రసూనకి భయం వేసేది కాదు, అలాంటివి చాలా చూసింది. ఇది మురికి కాదు. ఇల్లంతా మనుషులు ఎవరి పనిలో వాళ్ళుండగా ఎవరో బయటినుంచి పిలిస్తే, అందరూ ఒక్కసారిగా లేచి వెళ్ళిపోయినట్టుంది. వెళ్ళిన వాళ్ళు ఇంకా ఎక్కువ దూరం పోలేదని కూడా అనిపించిందట. తను గుసగుసగా మాట్లాడుతున్నానని కాసేపటికి గాని ఆమెకి తెలియలేదు.

వెనక గది నేలంతా తెల్లగా ఉంది. పొద్దుటి నుంచీ పడ్డ దుమ్ము మీద ఒక్క అడుగు కూడా లేదు. దూలానికి పిల్ల ఉయ్యాల. కొత్త తాడు కడుతూ కడుతూ వదిలేసినట్టుంది, ఒక వైపు తాడు కొస ముడి లేకుండా గాలికి వేలాడుతోంది. ప్రసూన లోపలికి వెళ్ళకుండా గడప దగ్గరే ఆగి దాన్ని చూసింది. ఆ ఉయ్యాల్లో పిల్లని వేస్తే ఏమయ్యేదో అనుకుంది. తను తేల్చిందే సరైనదని కూడా అనుకుంది.

మదర్ ముందుగదిలో మంచం మీద చీర పక్కకి జరిపి కూర్చుంది. మోకాళ్ళు లాగుతున్నాయనీ, కాస్త టీ కాచిపెట్టమనీ అడిగింది. ఇంటివాళ్ళు లేనప్పుడు వాళ్ళ వంటింట్లో టీ ఏంటని ప్రసూన అనుకున్నా, మదర్‌తో అనలేక వెళ్ళి స్టవ్ వెలిగించి పాలు పెట్టింది. ఇంతలో మదర్ అక్కడి నుంచే, వెనక కిటికీలోంచి దుమ్ము కొడుతోంది, వేసి రా అమ్మాయ్ అంది. వెళ్ళింది. పెరటి తలుపు గడియ ఉందో లేదో చూడమంది. చూసింది. తీగ మీద బట్టలేమైనా ఉంటే లోపల వెయ్యమంది. సంచీలో కళ్ళజోడుందేమో చూడమంది. అప్పుడే ఆసుపత్రి నుంచి ప్రసూనకి ఫోనొచ్చింది. వార్డులో ఒకాయనకి ఇంజెక్షను ఎంత ఇవ్వాలో అడుగుతున్నారు. అది ప్రాణం సంగతి, తప్పు చెప్పకూడదు. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, నడుస్తూ మాట్లాడింది. రెండుసార్లు అడిగి, వాళ్ళ చేత తిరిగి చెప్పించుకుని, సరిగ్గా చెప్పి పెట్టేసింది.

ఫోను పెట్టేశాక మాడు వాసన వచ్చింది.

వంటింట్లోకి పరుగెత్తింది. పాలు పొంగి స్టవ్ మీదంతా కారి, గిన్నె అడుగు నల్లగా అంటుకుపోతోంది. మంట ఇంకా వెలుగుతోంది. ఆపింది. తను కిటికీ వెయ్యడానికి వెళ్ళేముందే స్టవ్ ఆపేసిందని ఆమెకి గట్టిగా గుర్తు. నాబ్ తిప్పిన చెయ్యి కూడా గుర్తేనట. వెనక్కి తిరిగి చూస్తే కిటికీ అరుగు మీద పిల్ల గౌను ఒకటి, సగం మడతపెట్టి ఉంది. అది ఇందాక అక్కడ లేదు. టీ పొడి డబ్బా మూత తీసి ఉంది. నేల మీద దుమ్ములో కాళ్ళ గుర్తులున్నాయి. ఉత్త కాళ్ళవి, ఆడమనిషివి, అప్పుడే పడ్డవి. వంటింటి గడప దాటి వెనక్కి వెళుతున్నాయి.

ప్రసూన గోడకి ఆనుకుని అలాగే జరుగుతూ ముందుగది దాకా వచ్చింది. మదర్ కళ్ళు మూసుకుని జపమాల తిప్పుతోంది.

"మదర్, ఇంట్లో ఎవరో ఉన్నారు."

మదర్ కళ్ళు తెరవలేదు.

"ఎవరో చూసి రా," అంది.

ట్రైనింగులో మొదటిసారి శవాన్ని కడిగినప్పుడు కూడా తనకి అంత భయం వెయ్యలేదని ప్రసూన నాతో చెప్పింది. అయినా వెళ్ళింది. మదర్ వెళ్ళమంటే మేమందరం వెళతాం, అదంతే. అడుగుల వెంటే నడిచింది. అవి వంటింట్లోంచి కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి పెరటి తలుపు దాకా వెళ్ళి ఆగాయి. తిరిగి వచ్చాయి. నడవలో ఊరికే అటూ ఇటూ తిరిగాయి, ఎక్కడికి వెళ్ళాలో తెలియని మనిషి తిరిగినట్టు. తర్వాత వెనక గదిలోకి వెళ్ళి ఉయ్యాల ముందు రెండు పాదాలూ పక్కపక్కన నిలిచాయి. అక్కడ దుమ్ము బాగా నలిగి బండ నల్లగా కనపడుతోంది. ఎవరో అక్కడ చాలాసేపు నిలబడ్డారు.

గదిలో ఎవరూ లేరు.

వేలాడుతున్న తాడు కొస ఇప్పుడు వేలాడడం లేదు. ఉయ్యాలకి కట్టి ఉంది.

ప్రసూన దగ్గరికి వెళ్ళి ముడి తడిమింది. చదునుగా, గట్టిగా ఉంది. చేతికి కట్టు కట్టి మెడకి వేలాడదీసేటప్పుడు వేసే ముడి అది. రోగి మెడకి గుచ్చుకోకుండా కొసలు లోపలికి దోపి ఉన్నాయి. ఉయ్యాలకి ఆ ముడి ఎవరు వేస్తారు? మా నర్సులు తప్ప ఇంకెవరూ వెయ్యరు. ప్రసూన తన చేతులు చూసుకుంది. గోళ్ళ సందున తాడు పీచు ఉంది. కాలెత్తి చూసుకుంది. అరికాలు తెల్లగా ఉంది.

ఇంకొంచెంసేపు అక్కడే నిలబడింది.

ముందుగదిలోకి వచ్చాక మదర్ ఎవరున్నారని అడగలేదు, టీ సంగతీ ఎత్తలేదు. డాక్టరు గారు వచ్చే వేళయిందని లేచింది.

ఆసుపత్రి వరండాలో బెంచీకి ఒక చివర కోటేశ్వరి కూర్చుని ఉంది. రెండో చివర రాములమ్మ, ఒళ్ళో పిల్ల. పిల్ల తల్లి వైపు పాకబోతుంటే నాయనమ్మ గౌను పట్టుకుని వెనక్కి లాగుతోంది. నేను మందుల గది కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. చూడలేకపోయాననే చెప్పాలి.

ప్రసూన మెట్లెక్కుతుండగానే కోటేశ్వరి లేచి నిలబడింది. అత్త వింటోందనే ధ్యాస కూడా లేదు.

"కనపడిందా సిస్టర్ గారూ?"

రాములమ్మ పిల్లని గుండెకి అదుముకుంది. తనకి కావలసిన జవాబు కోడలి నోటి నుంచే వచ్చేసినట్టు చూసింది.

"కనపడింది," అంది ప్రసూన.

కోటేశ్వరి ఒక అడుగు ముందుకేసింది. "ఏం చేస్తోంది?"

"ఉయ్యాల కడుతోంది."

కోటేశ్వరి బెంచీ మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది. రాములమ్మ మాత్రం ఊరుకోలేదు, ఇంట్లో ఎవరున్నారో తేల్చి చెప్పమని నిలదీసింది. ఎవరూ లేరనీ, ఉన్నది తనేననీ ప్రసూన చెప్పింది. పాలు మాడ్చింది తనే, స్టవ్ ఆపానని ఒట్టేసి చెప్పగలిగేది కూడా తనే. గౌను తను మడిచింది, తాడు తను కట్టింది, ఒక్కటీ తనకి తెలియదు. చేతులు ఒక పనిలో, మనసు ఇంకో పనిలో ఉంటే చేసిన పని ఇంకెవరో చేసినట్టే ఉంటుందని చెప్పింది. "నాకు ఒక్క పూటకే భయం వేసిందమ్మా. మీ కోడలు పుట్టినప్పటి నుంచీ అలాంటి ఇంట్లోనే ఉంది," అంది.

చదువుకున్న పిల్ల అబద్ధమాడి తన నోరు మూయిస్తోందనుకుంది రాములమ్మ. ప్రసూనని పైనుంచి కిందికి చూసింది. చూపు పాదాల దగ్గర ఆగింది.

"నీ చెప్పులేవమ్మా?" అంది.

ప్రసూన కిందికి చూసుకుంది. ఆ ఎండలో, కాలే బండల మీద, వాళ్ళింటి గుమ్మం నుంచి ఆటో దాకా, ఆటో నుంచి వరండా దాకా ఉత్త కాళ్ళతో నడిచొచ్చింది. అప్పుడు గాని కాళ్ళు మండుతున్నాయని తెలియలేదు. ఎవరూ నవ్వలేదు. రాములమ్మ అసలు నవ్వలేదు.

డాక్టరు గారు కోటేశ్వరిని లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడారు. ఏడీహెచ్‌డీయే, పైగా చంటిపిల్లతో నిద్ర లేదు, మతి పోయిన లక్షణాలు లేవన్నారు. మందు రాశారు. నెలనెలా వచ్చి చూపించుకోమన్నారు. రాములమ్మ అన్నీ తల ఊపుతూ వింది. వరండాలోకి వచ్చాక, మందు సరే, అది పనిచేసేలోగా పిల్లని మళ్ళీ ఎండలో వదిలేస్తే ఏం చెయ్యాలని అడిగింది. అడగాల్సిన మాటే.

మా దగ్గర డ్యూటీ మారేటప్పుడు ఒక అలవాటుంది. వెళ్ళే నర్సు వచ్చే నర్సు చెయ్యి తీసుకుని రోగి మీద పెట్టి, తీసుకున్నావా అని అడుగుతుంది. తీసుకున్నానని వచ్చిన నర్సు నోటితో అంటేగాని తన చెయ్యి తియ్యదు. మదర్ ఆ సంగతి చెప్పి, పిల్లని ఎక్కడ దింపినా, ఎవరికి ఇచ్చినా, దాని మీద చెయ్యి వేసి అలా పైకి అనుకోమంది. మొగుడున్నప్పుడు మొగుడితో, అత్త ఉన్నప్పుడు అత్తతో.

"ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఎవరితో అనాలమ్మా?" అంది కోటేశ్వరి.

మదర్ ఆమె వైపు చూసింది.

"ఇంట్లో ఉందిగా, ఆమెతో అను."

కోటేశ్వరి ఉలిక్కిపడింది. ఆ తర్వాత మెల్లిగా తల ఊపింది. మదర్ లోపలికి వెళ్ళిపోయింది. ప్రసూన కాళ్ళ వైపు చూసుకుంటూ అక్కడే నిలబడిపోయింది.

రాములమ్మ బెంచీ మీద ఇటు జరిగి, పిల్లని కోడలి ఒళ్ళో కూర్చోబెట్టింది. చెయ్యి మాత్రం పిల్ల వీపు మీదే ఉంచింది. కోటేశ్వరి చెయ్యి పట్టుకుని తన చెయ్యి పక్కన పెట్టుకుంది.

"తీసుకున్నావా?"

కోటేశ్వరి తల ఊపింది. రాములమ్మ ఆగింది.

"తీసుకున్నానత్తా."

అప్పుడు చెయ్యి తీసింది.